నిలువనీడ లేనివారికి మా ఆఫీసు వేళలు

ఆపదలో ఉన్న మనిషికి అడిగిన వెంటనే సాయం చేయడం మహానేరం! దీనికి శిక్షాస్మృతిలో ఒక సెక్షన్ ఎందుకు పెట్టలేదో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు.

నవ్వకండి. కాస్త ఆలోచించండి. కొంప పోయి వీధిలో నిలబడినవాడి చేతిలో ఎవరో ఒకాయన తటాలున తాళంచెవి పెట్టేసినాడనుకోండి. వాడికేం, హాయిగా పోయి పండుకుంటాడు. మరి మా గతేమి? సహాయ సంఘాలు, వాటికి ప్రెసిడెంట్లు, సెక్రటరీలు, రబ్బరు స్టాంపులు, సైక్లోస్టయిల్ ఫారాలు, వార్షికోత్సవాలు, ఆ ఉత్సవాల్లో బోండా కాఫీలు, ఇవన్నీ ఏ గంగలో కలవాలి? ఒక్కడు తొందరపడి దయ చూపించినాడంటే ఇంత వ్యవస్థ మూతపడుతుందే!

నేను అట్లాంటి తప్పు జన్మలో చేయలేదు. నా పేరు పరంధామయ్య. ముప్పై ఒక్క సంవత్సరాలు సర్కారు కొలువు చేసి హెడ్డు గుమాస్తాగా రిటైరైనాను. నా టేబుల్ మీదికి వచ్చిన కాగితాన్ని వచ్చినట్టుగా పైకి పంపినానని నా శత్రువు కూడా చెప్పలేడు. ప్రతి కాగితానికీ కనీసం ఒక్క కొర్రీ అయినా వేసినాను. కొర్రీ వేయడానికి ఏమీ దొరకకపోతే మార్జిన్ సరిపోలేదని వాపసు పంపినాను. నా రిటైర్మెంటు సభలో పూలదండ వేసినవాళ్లందరూ ఎంత సంతోషంగా ఉన్నారో చెప్పలేను.

రిటైరైన మూడో నెలలోనే తిరుపతిలో 'నిలువనీడ సహాయ సంఘం' పుట్టింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పేదవాళ్లను ఆదుకోవడం ఆశయం. నన్ను గౌరవ కార్యదర్శిగా ఎన్నుకున్నారు. గౌరవం అంటే జీతం లేదని అర్థం. అయినా ఒప్పుకున్నాను. ఇంట్లో కొర్రీలు వేద్దామంటే వినే మనుషులు లేరు మరి.

ప్రెసిడెంటు మునిరత్నం. బస్టాండు వెనకాల ఆయనకు వరసగా ఎనిమిది రూములున్నాయి, బాడుగలకిస్తాడు. మెత్తని మనిషి. సంఘానికి ఆఫీసు యాడ పెట్టాలా అని నేను అడగడం పూర్తికాకముందే "నా రూము ఒకటి ఊరికే తీసుకోండప్పా, పుణ్యం" అనేసినాడు. వారం తిరగకముందే ఒక రూము ఖాళీ అయింది. సున్నం కొట్టించినారు. రిబ్బను కత్తిరించినారు. తెల్ల బోర్డు మీద నీలం అక్షరాలు. వాటి కింద నేనే దగ్గరుండి రాయించినాను: 'పని వేళలు ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు. భోజన విరామం ఒంటిగంట నుంచి రెండున్నర. శనివారం ఒంటిపూట. ఆదివారము, పండుగ దినములు సెలవు.' నీడ లేనివాళ్లు ఈ వేళల్లో నీడ లేకుండా ఉంటే చాలు, మిగతా వేళల్లో వాళ్లిష్టం!

ఇంక ఫారం సంగతి. ఇరవై రెండు కాలాలు, మూడు పేజీలు, నా జీవితానుభవమంతా అందులో పోసినాను. తొమ్మిదో కాలంలో 'ప్రస్తుత చిరునామా, ఇంటి నంబరుతో సహా' అని పెట్టినాను. ఇల్లు లేనివాడికి ఇంటి నంబరేందని మీరు అడుగుతారు. నంబరు లేకపోతే మేము ఉత్తరం ఏ ఇంటికి రాయాలండీ? పద్నాలుగో కాలంలో 'ఖాళీ చేయించిన ఇంటి యజమాని సంతకము' అని పెట్టినాను. ఖాళీ చేయించినట్టు యజమానే ఒప్పుకోకపోతే వీడు నిజంగా వీధిలో పడ్డాడని మాకేం నమ్మకం?

ఆఫీసు తెరిచినాము. పందొమ్మిది రోజులు ఒక్క పురుగు కూడా రాలేదు. నాకు దిగులు పట్టుకుంది. ఊళ్లో ఇండ్లు లేని పేదవాళ్లే కరువైపోతే మా సంఘం భవిష్యత్తేమి? ఇరవయ్యో రోజు కుప్పమ్మ వచ్చింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

నలభై అయిదేళ్లుంటాయి. హోటళ్లలో అంట్లు తోముతుంది. మొగుడు చెంగయ్య బస్టాండులో కూలి, బస్సు టాపు మీదికి మూటలెక్కిస్తాడు. బెంచీ చూపించినాను. కూర్చోలేదు. ఆఫీసంతా కలయజూసి, నేను క్యాలెండరు తగిలించిన మేకు దగ్గరికి పోయి నిలబడింది.

"ఈ మేకు మా ఇంటాయన కొట్టింది సామీ. ఉట్టి కట్టుకుంటా ఉంటిని" అనింది.

నాకు విషయం అప్పుడు తెలిసింది. మునిరత్నం ఎనిమిది రూముల్లో ఏడింట్లో గుమాస్తాలూ టీచర్లూ ఉన్నారు. ఖాళీ చేయమంటే చాలు, స్టే తెస్తారు. ఎనిమిదో దాంట్లో పదకొండేళ్లుగా కుప్పమ్మా చెంగయ్యా ఉన్నారు. వాళ్ల దగ్గర కాగితం ముక్క లేదు. అందుకని పుణ్యకార్యానికి వాళ్ల రూమే దొరికింది. చూసినారా మా సంఘం ఘనత! నిలువనీడ లేనివాళ్ల కోసం మేము ఎదురుచూస్తూ కూర్చోలేదు. మాకు కావలసిన మొదటి అర్జీదారులను మేమే తయారు చేసుకున్నాము.

కుప్పమ్మ ఏడవలేదు, తిట్టలేదు. రూము పోయినాక మూడు వారాలు బస్టాండులోనే పండుకున్నారట. అదేమంత కష్టం కాలేదంది. అయితే మొన్న చెంగయ్య బస్సు టాపు మీద నుంచి కింద పడ్డాడు. కుడికాలు మోకాలి కింద విరిగింది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించుకోని వచ్చింది. వెదురు బద్దలు, ఆకుపసరు, కోడిగుడ్డు సొన, పైన గుడ్డ. కట్టు కట్టినాయన ఒకటే మాట చెప్పి పంపినాడట.

"నలభై అయిదు దినాలు ఒక్కతావున కదలకుండా పండుకోవాలంట సామీ. కదిలిస్తే ఎముక వంకరగా అతుక్కుంటాదంట. మూటలెత్తే కాలు. వంకరబోతే మాకు కూడెట్లా? ఆ నలభై అయిదు దినాలకి ఏదన్నా ఒక చోటు సూపించండి. మళ్ల మా తిప్పలు మేం పడతాం."

ఇంత చిన్న కోరిక! ఇంత స్పష్టమైన గడువు! నేనైతే చలించిపోయినాను. వెంటనే సొరుగు లాగి ఫారం ఇచ్చినాను.

తొమ్మిదో కాలం దగ్గర ఆగిపోయినాము. బస్టాండుకు ఇంటి నంబరు లేదు. 'చిరునామా సంపాదించుకోని రా' అని పంపినాను. ఆమె రెండు రోజుల్లో సంపాదించుకోని వచ్చింది! ఫలానా సత్రం, ఫలానా రూము. చూసినారా, కొర్రీ వేయబట్టే గదా ఆమెకు తల దాచుకునే చోటు దొరికింది?

తిరుపతిలో ఉండేవాళ్లకు సత్రం పద్ధతి చెప్పాల్సిన పని లేదు. ఊరు కానివాళ్లకు ఇస్తారు, మూడు రోజులు ఇస్తారు. తమిళనాడు నుంచి వచ్చినా సరే, కన్నడదేశం నుంచి వచ్చినా సరే, కాళ్లు కడుక్కోని చాప పరుచుకోవచ్చు. ఈ ఊళ్లోనే పుట్టి, ఈ ఊరి మూటలే మోసి, ఈ ఊళ్లోనే కాలు విరగ్గొట్టుకున్నవాడికి మాత్రం చోటు లేదు. న్యాయమే! ఊళ్లోవాళ్లకు ఊళ్లో ఇండ్లుంటాయి గదా.

అందుకని కుప్పమ్మ చెంగయ్యను యాత్రికుణ్ణి చేసింది. వీధి చివర మంగలిని పిలిచి గుండు కొట్టించింది. గుండుకు గంధం పూసింది. తోపుడు బండి మీద పండుకోబెట్టి సత్రానికి తోసుకోని పోయింది. సత్రం గుమాస్తా 'యా ఊరు?' అంటే గూడూరు అనింది. 'ఏం మొక్కు?' అంటే కాలు బాగవ్వాలని మొక్కు అనింది. ఆ రెండో మాట మాత్రం అబద్ధం కాదు.

మూడు రోజులైనాక మళ్లీ బండి, మళ్లీ ఇంకో సత్రం. అక్కడ మదనపల్లి వాళ్లైనారు. తర్వాత సత్రంలో వేలూరు వాళ్లైనారు. ఆడ కుప్పమ్మ అరవంలోనే మాట్లాడింది, చెంగయ్యకు అరవం రాదు కాబట్టి మూగవాడైనాడు. నెల తిరిగేసరికి గుండు మీద వెంట్రుకలు మొలిచి ఒక గుమాస్తాకు అనుమానం వస్తే మళ్లీ గుండు! ఒక్క కాలికి రెండు గుండ్లు ఇచ్చిన భక్తుడు చెంగయ్య తప్ప ఇంకెవరైనా ఉన్నారా?

ఇంత అదృష్టం ఎవరికి పడుతుంది చెప్పండి. డబ్బున్న యాత్రికుడు వస్తే ఒక్క సత్రం చూసి వెళ్లిపోతాడు. ఈ దంపతులు ఊళ్లో సత్రాలన్నీ చూస్తున్నారు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈ ఊళ్లో ఉన్నాను, నాలుగు సత్రాల పేర్లు చెప్పమంటే తడుముకుంటాను.

అయితే మా ఆఫీసుకు దీనివల్ల కాస్త శ్రమ కలిగింది. సంఘం నుంచి అర్జీదారుకు ప్రతి సంగతీ రాతపూర్వకంగా పోవాలి. కాబట్టి నేను సత్రం చిరునామాకు కార్డు రాసేవాణ్ణి. కార్డు చేరేలోగా వాళ్లు ఇంకో సత్రానికి మారిపోయేవాళ్లు. 'ఈ చిరునామాలో లేరు' అని కార్డు వాపసు వచ్చేది. నేను దాన్ని ఫైల్లో పెట్టి, చిరునామా తప్పుగా ఇచ్చినందుకు సంజాయిషీ కోరుతూ ఇంకో కార్డు రాసేవాణ్ణి. ఇదంతా రాసేటప్పుడు కుప్పమ్మ నా ఎదురుగా బెంచీ మీదే కూర్చోని ఉండేది. నోటితో చెప్పొచ్చు గదా అంటారా? పద్ధతి పద్ధతే!

మా సంఘానికి న్యాయ సలహాదారు కూడా ఉన్నాడు. నెలకొకసారి గంటసేపు వస్తాడు. ఫైలు చూసి చాలా బాధపడినాడు. "అయ్యో, ఖాళీ చేయకముందు వచ్చి ఉంటే స్టే తెచ్చేవాణ్ణే! ఇప్పుడు ఖాళీ చేసేసింది. ఖాళీ చేసినాక బాడుగకున్న మనిషి కాదు. బాడుగకున్న మనిషి కాకపోతే బాడుగ చట్టం వర్తించదు" అన్నాడు. అంటే ఇల్లు ఉన్నంతవరకే చట్టం కాపాడుతుందన్నమాట. ఎంత చక్కగా చెప్పినాడు! కుప్పమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఆయన కాఫీ తాగి వెళ్లినాడు.

ఇక మిగిలింది పద్నాలుగో కాలం, ఇంటి యజమాని సంతకం. యజమాని ఎవరు? మునిరత్నం. మా ప్రెసిడెంటు ఎవరు? మునిరత్నం. ఇంక పని చిటికెలో అయిపోతుందని ఫారం ఆయన ముందర పెట్టినాను.

ఆయన ప్రెసిడెంటుగా ఫారమంతా చదివినాడు. కండ్లు చెమర్చినాయి. "ఇంత అన్యాయమా పరంధామయ్యా! ఆ ఇంటి ఓనరు ఎవరో గాని, గట్టిగా ఒక లెటర్ కొట్టు" అన్నాడు.

"తమరేనండీ" అన్నాను.

ఆయన ఫారం మడిచి నా వైపుకు తోసినాడు. తర్వాత ఆయన "యజమానిగా నేను సంతకం పెడితే ఖాళీ చేయించినట్టు ఒప్పుకున్నట్టు అవుతాదప్పా. రేపు కోర్టులో సాక్ష్యమైపోతాది. అది వేరే సంగతి. ప్రెసిడెంటుగా నాకు బాధగానే ఉండాది. లెటర్ మాత్రం కొట్టు" అన్నాడు.

కొట్టినాను. 'తమరి నిర్దాక్షిణ్య వైఖరిని ఈ సంఘము తీవ్రముగా గర్హించుచున్నది' అని ప్రెసిడెంటు మునిరత్నం సంతకంతో ఇంటి యజమాని మునిరత్నానికి పంపినాము. యజమాని జవాబు ఇయ్యలేదు. రిమైండరు పంపినాము. దానికీ ఇయ్యలేదు. మూడో రిమైండరు మీద సంతకం పెడుతూ ప్రెసిడెంటు "ఎంత మొండోడప్పా" అన్నాడు. నేను కూడా అవునన్నాను. అప్పటికి ఇరవై ఎనిమిదో రోజు.

ఆరోజు కుప్పమ్మ ఒక మాట అడిగింది. అక్టోబరు వానలు మొదలైనాయి. తోపుడు బండి మీద చెంగయ్య కాలికి గోనెసంచి కప్పి తోసుకోని పోతుంటే కట్టు తడిసిందట.

"సామీ, మీరు సాయంత్రం అయిదుకి తాళం యేసుకోని పోతారు. పొద్దున పదికి వస్తారు. నడుమ ఈ రూము ఊరికేనే కదా ఉండాది? ఆ పొద్దు మా ఇంటాయన్ని ఈ మూల పండుకోనీండి. పగలు మీరు పని జేసుకునేటప్పుడు ఆయప్ప గోడతట్టు తిరుక్కోని ఉంటాడు. దగ్గు కూడా దగ్గడు."

నేను ఆమె అజ్ఞానానికి జాలిపడినాను. ఓపికగా వివరించినాను. "చూడు కుప్పమ్మా, నిలువనీడ లేనివాళ్లకే మా సంఘం సాయం చేయాల. నీ మొగుడు ఈడ పండుకున్నాడంటే ఆయనకు నీడ దొరికినట్టే. నీడ దొరికినవాడికి సాయం చేయడానికి మా నిబంధనలు ఒప్పుకోవు. నీ అర్జీ అక్కడికక్కడే కొట్టేయాల్సి వస్తుంది. ఇన్ని రోజులు పడిన కష్టమంతా వృథా అయిపోదా?"

ఆమె బెంచీ మీద నుంచి లేచింది. "అంత దూరం నాకు తెలీదు సామీ" అనేసి బండి తోసుకోవడానికి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది. బెంచీ మీద కూర్చునేది. ఒకరోజు చీపురు తీసుకోని ఆఫీసు ఊడ్చి పోయింది. ఎందుకమ్మా అంటే, అలవాటు సామీ అనింది.

నలభై అయిదు రోజులు గడిచిపోయినాయి. నలభై ఆరో రోజు పొద్దున నేను పోయేసరికి ఆఫీసు తాళం విరగ్గొట్టి ఉంది. దొంగ లోపలికి వచ్చి గోడ గడియారమూ, ప్రెసిడెంటు కుర్చీ మీది పరుపూ ఎత్తుకోని పోయినాడు. ఫైళ్ల జోలికి పోలేదు. మా ఫైళ్లు ఎంత విలువైనవో వాడికేం తెలుసు!

మునిరత్నం పరుగెత్తుకోని వచ్చినాడు. అత్యవసర సమావేశం. నేను మినిట్సు పుస్తకం తెరిచి తేదీ వేసేలోపల తీర్మానం అయిపోయింది.

"ఆ కుప్పమ్మ వస్తా ఉంటాది కదప్పా, ఆయమ్మను ఈడ కాపలా పెట్టేయి. మొగుడూ పెండ్లామూ ఈడనే పండుకుంటారు. జీతం గీతం అడగరు" అన్నాడు.

"ఫారంలో పద్నాలుగో కాలం ఇంకా..." అన్నాను.

"ఫారమేందయ్యా! గడియారం పోయింది ఈడ!"

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మనిషి కాలికి నలభై అయిదు రోజులు చాలలేదు. కుర్చీ పరుపు పోయేసరికి అయిదు నిమిషాలే ఎక్కువైనాయి. కొత్త తాళంచెవి కుప్పమ్మ చేతికి ఇచ్చింది నేనే. సంతకం కూడా తీసుకోలేదు. నా సర్వీసులో సంతకం లేకుండా నేను ఒక వస్తువు ఇచ్చింది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం చెంగయ్య వచ్చినాడు. ఆయన ఫైలు నా టేబుల్ మీద నలభై ఆరు రోజులుగా ఉంది గాని, మనిషిని చూడడం అదే మొదలు. కట్టు విప్పేసినారు. కుడి పాదం బయటికి తిరిగిపోయి ఉంది. అడుగు వేస్తే ఒళ్లంతా ఒక పక్కకు ఒరుగుతుంది. గోడ పట్టుకోని గడప దాటి, మెల్లగా నేల మీద కూలబడినాడు.

ఏదో ఒకటి మాట్లాడాలని "ఇప్పుడు బాగుందా చెంగయ్యా?" అన్నాను.

"బాగుండాది సామీ. నొప్పి లేదు. మూట మాత్రం ఎత్తలేను. బస్సు నిచ్చెన మీద ఈ కాలు నిలబడదు" అన్నాడు. "పుత్తూరాయన సెప్పనే సెప్పినాడు, కదల్చద్దని. పదైదు సార్లు కదిలినాం. ఆయన తప్పేముండాది?"

ఎవరి తప్పూ లేదన్నట్టే చెప్పినాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను నిబంధనలు చూపించి జవాబు చెప్పేవాణ్ణి. తర్వాత ఊరికే, ఎదుటి మనిషిని పలకరించాల కాబట్టి పలకరించినట్టు, అడిగినాడు.

"సామి ఇల్లు యాడ?"

"కొర్లగుంటలో."

"సొంతిల్లా?"

"సొంతమే."

"పిల్లోళ్లు?"

"లేరప్పా. నేనూ మా ఇంటిదీ, ఇద్దరమే."

"ఎన్ని రూములు సామీ?"

"నాలుగు" అన్నాను.

చెంగయ్య తలూపినాడు. మంచి ఇల్లన్నట్టు తలూపినాడు, అంతే. ఆ తలలో ఇంకో ఆలోచన లేదు. సిగ్గు అనేది ఒకటుంటుందని నాకు అరవై ఏండ్లకు తెలిసింది. టైమైందని లేచి వచ్చేసినాను. అప్పటికి ఇంకా నాలుగు కూడా కాలేదు.

కాబట్టి పాఠకులారా, సహాయ సంఘాలు వర్ధిల్లాలి! అవి లేకపోతే నాబోటివాళ్లు ఆపదలో ఉన్నవాళ్లను నేరుగా ఎదుర్కోవాల్సి వస్తుంది. ఎవరైనా వచ్చి సాయమడిగితే మన ఇల్లు మనకు గుర్తుకు రాకుండా అడ్డం పెట్టుకోవడానికి ఒక ఆఫీసు ఉండాలి గదా!

ఒక చిన్న మనవి. మా ఇంటిది భారతమ్మకు ఈ కుప్పమ్మ సంగతి నేను ఇంతవరకూ చెప్పలేదు. ఆమె పేపరు చదవదు. చదివినవాళ్లు దయచేసి ఆమె చెవిన వేయకండి. వింటే, "మనింట్లో ఆ వీధి పక్క రూములో పండుకోబెట్టుంటే పోయేది కదా" అని బియ్యం ఏరుకుంటూ తల కూడా ఎత్తకుండా అనేస్తుంది. అట్లా అంటుందని నాకు మొదటి రోజే తెలుసు. అందుకే చెప్పలేదు.